సీతారామపురానికి ఏ సింథసైజరు?

"అన్నా, వైర్లు లేనిది తీసుకునేదా, వైర్లుండేది తీసుకునేదా?"

సీతారామపురం నుంచి ఒక యువకుడు ఈ మధ్య నన్నడిగిన ప్రశ్న ఇది. అతడు తిరునాళ్ళలో, భజనల్లో, అప్పుడప్పుడు పద్యనాటకాల్లో కీబోర్డు వాయిస్తాడు. ఆరేళ్ళుగా దాచుకొన్న సొమ్ము ఒకే ఒక్క వాద్యానికి సరిపోతుంది. కొన్నది నప్పకపోతే తిరిగి అమ్ముకొందామన్నా ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ కొనేవారుండరు. ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకొనే సంగతి కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను: వైర్లు లేనిదే కొనాలి.

వైర్లు లేనిదంటే మినీమూగ్ వంటి అనలాగ్ సింథసైజరు. (ఈ మాటకు తెలుగు వెదకడం నేను మానుకొన్నాను. "ధ్వని సంశ్లేషణి" అని పిలిస్తే సీతారామపురంలోనే కాదు, ఏ పురంలోనూ తలుపు తీయరు.) మన ఊళ్ళలో కీబోర్డు అనేది వేరు. అందులో వేణువుకొక అంకె, వయొలిన్‌కొక అంకె. అంకె నొక్కితే లోపల దాచిన ధ్వని పలుకుతుంది. అనలాగ్ సింథసైజరులో దాచిన ధ్వని ఏదీ ఉండదు. ఆసిలేటరు ఒక ముతక నాదాన్ని పుట్టిస్తుంది, ఫిల్టరు దాన్ని వడగడుతుంది, ఎన్వలప్ అనేది ఆ నాదం ఎంత వేగంగా లేచి ఎంత నెమ్మదిగా అణగాలో నిర్ణయిస్తుంది. ప్రతి పనికీ కంటికెదురుగా ఒక నాబు.

వైర్లుండేది మాడ్యులర్. ఇవే భాగాలు విడివిడి పలకలుగా ఒక చట్రంలో బిగించి ఉంటాయి. వాటి నడుమ దారి ఉండదు, వైర్లు పెట్టి మనమే దారి వేయాలి. 1964లో రాబర్ట్ మూగ్, హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి మొదలుపెట్టింది ఈ రకమే. 1970లో వచ్చిన మినీమూగ్, జనం ఎక్కువగా వేసుకొనే దారిని లోపలే శాశ్వతంగా కలిపేసి, పైన 44 మెట్లు, ఎడమ చేతి వైపు రెండు చక్రాలు పెట్టింది. నాదంలో మాడ్యులర్‌ది పైచేయి అనుకోవడానికి కారణం లేదు. తేడా అంతా దారి ఎవరిదన్న విషయంలోనే.

ఈ వివాదం మనకు కొత్తది కాదు. ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకొన్నది 1514లో. ఆ తర్వాత 36 ఏళ్ళకు, అదే సామ్రాజ్యంలో, అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు "స్వరమేళకళానిధి" రాశాడు. అందులో రెండు రకాల వీణలను చెప్పాడు. ఏకరాగమేళ వీణలో పట్టుకొన్న రాగానికి తగినట్టు మెట్లు అమర్చుకోవాలి. రాగం మారితే అమరిక మారాలి. సర్వరాగమేళ వీణలో మెట్లన్నీ ఒక్కసారే పెట్టేసి, అన్ని రాగాలూ వాటి మీదే పలికించాలి. శాస్త్రం దృష్టితో చూస్తే మొదటిదే నిక్కచ్చి అయినది. కానీ దక్షిణాదిన నిలిచింది రెండవది. నేడు బొబ్బిలిలో పనసమాను తొలిచి చేసే వీణకు 24 మెట్లు మైనం మీద కుదురుగా కూర్చొని ఉంటాయి. మెట్టు ఇవ్వలేనిదాన్ని వేలు ఇచ్చింది. తీగను పక్కకు లాగి పలికించే గమకమంతా కదలని మెట్ల మీద పుట్టిన విద్యే. సితారు మెట్లను నేటికీ రాగాన్ని బట్టి జరుపుకొంటారు గదా అని మీరనవచ్చు. నిజమే. అయితే అక్కడ కూడా జరపడం కచేరీకి ముందు చేసే పని. కచేరీ నడిచేది లాగే వేలితోనే.

అనలాగ్ సింథసైజరు నా దృష్టిలో సర్వరాగమేళ వీణ. దారి కదలదు కాబట్టి చేతికి జ్ఞాపకం ఏర్పడుతుంది. ఫిల్టరు నాబు రేపు కూడా అక్కడే ఉంటుంది, పదేళ్ళ తర్వాతా అక్కడే ఉంటుంది. మాడ్యులర్‌లో వైర్లు పీకిన మరుక్షణం నిన్నటి వాద్యం లేదు.

పద్యనాటకంలో ఇది ప్రాణంమీది సంగతి. నటుడు పద్యం ఎత్తుకొన్నాక రాగం సాగదీస్తాడు, ప్రేక్షకులు వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటికి వస్తాడు. హార్మోనిస్టు రెప్పపాటులో అతడిని అందుకోవాలి. అక్కడ నిలబడి ఏ రంధ్రంలో ఏ వైరు అని వెదుక్కొనేవాడిని నటుడు క్షమించడు, ముందు వరుసలో కూర్చొన్న పెద్దలు అసలే క్షమించరు.

మెట్లున్న వాద్యంలో గమకం పలకదన్న అభియోగం పాతదే. ఆ కారణం చూపే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్ళూ మన నాటకాలు మాత్రం హార్మోనియంతోనే నడిచాయి. అభియోగంలో సత్యం ఉన్నది, కాదనను. కానీ సింథసైజరు దగ్గరకు వచ్చేసరికి ఒక చిన్న విశేషం జరిగింది. చేతి హార్మోనియంలో ఎడమ చేయి తిత్తికి అంకితం. ఇక్కడ ఆ చేయి ఖాళీ. దాని కిందికే స్వరాన్ని వంచే చక్రం వచ్చి చేరింది. గాలి కొట్టే చేతికి గమకం చేసే పని దొరికిందన్నమాట. పైగా మినీమూగ్ ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది. పాశ్చాత్యులు దాన్ని లోపమంటారు, మన సంగీతానికి అదే చాలు.

మాడ్యులర్ పక్షాన బలమైన వాదం ఒకటున్నది. ఈ యంత్రాల్లో సాధారణంగా ఒక స్థాయికి ఒక వోల్టు. అంటే అరస్వరానికి సుమారు 83 మిల్లీవోల్టులు. షడ్జానికి 5/4 రెట్లుండే శుద్ధమైన అంతర గాంధారం, కీబోర్డు గాంధారం కంటె సుమారు 11 మిల్లీవోల్టులు దిగువన ఉంటుంది. మాడ్యులర్‌లో ఆ 11 మిల్లీవోల్టులు తగ్గించుకొనే స్వేచ్ఛ మనది. తంబూరా వలె గంటల తరబడి మారుతూ మోగే శ్రుతిని అల్లడంలో కూడా దానికి సాటి లేదు. ఇంటిలో కూర్చొని నాదాన్ని పరిశోధించేవారికి, తోడుగా నలుగురు అదే పిచ్చివాళ్ళు ఉన్నవారికి నేను మాడ్యులర్ వద్దనను.

ఆ తోడు మాటే అసలు మాట. 1969లో అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మూగ్ మాడ్యులర్ వచ్చింది. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో అమర్చాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా దాని మీద పనిచేశారు. వారి టేపులను పాల్ పర్గస్ అనే కళాకారుడు సంస్థ భాండాగారంలో కనుగొనగా, 2023లో ఆల్బముగా వెలువడ్డాయి. వినండి, ఆశ్చర్యపోతారు. కానీ ఆల్బము పేరులోని సంవత్సరాలు చూడండి: 1969 నుంచి 1972. ఒక జాతీయ సంస్థ అండ, విదేశీ నిపుణుడి చేయూత ఉండి కూడా ఆ సంగీతం అంతకాలమే. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం దాని ఊసెత్తినవారు అరుదు.

దాని పక్కన చరణ్‌జిత్ సింగ్‌ను పెట్టి చూడండి. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించిన మనిషి. 1982లో రోలాండ్ వారి జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 అనే మూడు యంత్రాలను ఒకే లయకు కట్టి, పది రాగాలను డిస్కో తాళంలో ఒక రికార్డుగా ఇచ్చాడు. మూడింటినీ కలపడానికి అతడికీ వైర్లు కావలసివచ్చాయి, ఒప్పుకొంటాను. అయితే ఒక్కొక్క యంత్రంలోనూ దారి తయారుగా ఉన్నది, అతడు చేయవలసింది రాగం మాత్రమే. అప్పట్లో ఆ రికార్డును ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక, చికాగోలో 1987లో "యాసిడ్" పేరుతో వచ్చిన సంగీతానికి ఇది అయిదేళ్ళు ముందే ఉన్నదే అని పాశ్చాత్యులు ముక్కున వేలేసుకొన్నారు. అహమ్మదాబాదు వారి ప్రతిభ తక్కువని నా భావం కాదు. ఒంటరి మనిషి చేతికి ఏది లొంగుతుందన్నదే ప్రశ్న, సీతారామపురంలో అతడు ఒంటరే. పలక ఒకటి మూగపోతే చూపించడానికి చెన్నై దాకా పోవాలి.

మాడ్యులర్ వాడే చదువరులు విభేదించవచ్చు, సంతోషమే. ఆ ఊరిని మనసులో పెట్టుకొని విభేదించండి.

ఇంకొక సంగతి. మాడ్యులర్ విద్య నేర్వాలన్న కోరిక తీరడానికి డబ్బు అక్కరలేదు. 2017లో వచ్చిన వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటరు తెరమీద పలకలు పేర్చి, వైర్లు కలిపి, ఆసిలేటరుకూ ఫిల్టరుకూ నడుమ ఏం జరుగుతుందో తెలుసుకోవచ్చు. చేతి సాధనకు అటువంటి ఉచిత మార్గం లేదు. అందుచేత డబ్బు చేతికి, సాఫ్ట్‌వేరు బుద్ధికి.

మూగ్ గ్రాండ్‌మదర్ వంటివి కూడా ఉన్నాయి. వైరు పెట్టకుండానే పలుకుతాయి, కావాలంటే పెట్టుకోనిస్తాయి. వాటిని నేను వైర్లు లేని పక్షంలోనే లెక్కవేస్తాను. అతడి సొమ్ముకు అందితే అదే తీసుకోమన్నాను. అందకపోతే మినీమూగ్ నమూనాలో వచ్చే చవక యంత్రాలున్నాయి. వాటికి మెట్లుండవు కాబట్టి, ఇప్పుడున్న కీబోర్డుకు మిడి సౌకర్యం ఉంటే దానితోనే వాయించుకోవచ్చు.

దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాకూడదని చెప్పాను. చక్రాన్ని రెండు స్వరాల మేర వంగేలా అమర్చుకొని, తోడి గాంధారాన్ని పది నిమిషాలు ఊపి చూడమన్నాను. అన్నిసార్లూ చక్రం సరిగ్గా నడిమికి వచ్చి ఆగితే బేరం మొదలుపెట్టవచ్చు. బేరంలో ఒక మంచి గుడ్డ కవరు కూడా అడిగి తెచ్చుకోవాలి. తిరునాళ్ళ దుమ్ము లోపలికి పోతే నాబులు పాడవుతాయి.