ఆటకు ముగింపు, మాటకు చోటు



పద్యాలు, ఛందస్సు, వ్యాకరణం బోధించే తెలుగు పంతులుకు వీడియో ఆటలతో పని ఏమిటని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చు. కానీ హోసూరు ప్రాంతంలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పిన అనుభవంతో ఒక మాట అనగలను. పిల్లవాడు ఏ భాషలో ఆడుకొంటాడో ఆ భాషే అతనికి సొంతమవుతుంది. అందుచేత ఆటల సంగతి మన సంగతే.

1983 వేసవి సెలవులలో మా మేనమామ నన్ను బెంగళూరుకు తీసుకొని వెళ్ళాడు. అక్కడ ఒక చీకటి గదిలో బీరువాలంత యంత్రాలు వరుసగా నిలబడి ఉన్నాయి. రూపాయి ఇస్తే ఒక బిళ్ళ ఇచ్చేవారు. బిళ్ళ వేయగానే తెర మీద వింత జీవులు బారులు తీరి, అటూ ఇటూ కదులుతూ క్రిందికి దిగినవి. వాటిని కాల్చాలి. తగ్గేకొద్దీ మిగిలినవి వేగంగా వచ్చేవి. మూడు నిమిషాలైనా గడవక ముందే నా ఆట ముగిసినది. మళ్ళీ చేయి చాచాను. “ఇదే రూపాయికి కడుపునిండా టిఫిను తినవచ్చునురా” అన్నాడు మామయ్య. అప్పుడు ఆయన మీద కోపం వచ్చినది. ఆయన ఆ వ్యాపారపు గుట్టును ఒక్క వాక్యంలో చెప్పాడని చాలా కాలానికి గాని తెలియలేదు.

అది 1978లో జపానులో తైటో సంస్థ విడుదల చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ వంటి ఆట. దానిని రూపొందించిన తొమొహిరో నిషికాదో ఆ వేగాన్ని మొదట తలపెట్టి చేయలేదు. తెర మీద బొమ్మలు తగ్గినకొద్దీ ఆనాటి యంత్రానికి గీయవలసిన పని తగ్గి, మిగిలినవి త్వరగా కదిలాయి. ఆట రక్తికట్టినదని ఆయన దానిని అలాగే ఉంచాడు. 1972లో అటారి సంస్థ ‘పాంగ్’ను తెచ్చినది మొదలు నాణెపు యంత్రాల నీతి ఒకటే. ఆటగాడు ఎంత త్వరగా ఓడిపోతే అంత లాభం. అందుకే ఆ ఆటలు అంత కఠినంగా ఉండేవి.

తరువాతి దశ ఇంటి టీవీ ముందుకు వచ్చినది. 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేయడానికి పుట్టిన నింటెండో సంస్థే 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ను ఇచ్చినది. ఇక్కడ వ్యాపారం మారినది. ఆట పెట్టెకు ఒకసారి డబ్బు చెల్లిస్తే చాలు, ఎన్నిసార్లయినా ఆడుకోవచ్చును. కనుక ఆట పొడవైనది, కథ వచ్చినది, అన్నిటికంటె ముఖ్యంగా ముగింపు వచ్చినది.

1998లో మా అబ్బాయికి అటువంటి చవక పెట్టె ఒకటి కొన్నాను. ఆ వేసవి అంతా వీధిలోని పిల్లలు మా నట్టింట్లోనే ఉన్నారు. ఆడే మీటలు రెండే. ఆడవలసినవారు ఏడెనిమిది మంది. “పంటలు వేసుకోండిరా”, “తొండి! తొండి!”, “తూచ్, ఇది లెక్కలోకి రాదు”, “గుంట ఉంది, దూకరా” – ఇదీ ఆ గదిలోని మాటల సందడి. ఆట జపానుది, తెర మీది అక్షరాలు ఇంగ్లీషువి, నోటిలోని భాష మాత్రం మనది. తమిళం మాట్లాడే పొరుగింటి పిల్లలు కూడా ‘తొండి’ అనడం అక్కడే నేర్చుకొన్నారు. సెలవులు ముగిసేలోగా మావాడు రాకుమారిని విడిపించాడు. ఆట అయిపోయినది. పెట్టె అటక ఎక్కినది.

మూడవ దశ మన జేబులోకి వచ్చినది. 1997లో నోకియా ఫోనులో పాము ఆట చేరినది. మా ఉపాధ్యాయుల గదిలో ఆ పాముకు మేత వేయనివారు లేరు, నేనూ వేశాను. అందులో డబ్బు లేదు, మాట లేదు, హాని కూడా పెద్దగా లేదు. కానీ ఫోనే ఆటస్థలం కాగలదని లోకానికి తెలిసినది. పిమ్మట స్మార్ట్‌ఫోన్లు, 2016 నుండి చౌకగా దొరికిన డేటా తోడైనవి. 2018లో పబ్జీ మొబైల్ వచ్చినది. నూరుగురు ఒకేసారి ఒక దీవిపై దిగి, చివరకు ఒక్కడో ఒక్క జట్టో మిగిలేదాకా పోరాడే ఆట అది. 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వం దానిని నిషేధించినది. 2021లో అది బీజీఎంఐ అన్న పేరుతో మరల ప్రవేశించినది.

ఈ దశలో ఆట ఉచితం. ఉచితం కనుకనే దానికి ముగింపు లేదు. ఒక అంకం పూర్తయితే మరొకటి, ఈ రోజు రాకపోతే పోయే బహుమతి, తోటివాడు వేసుకొన్న కొత్త అంగీ. ఆ అంగీకి మాత్రం డబ్బు చెల్లించాలి. నాణెపు యంత్రం మనం త్వరగా ఓడిపోవాలని కోరుకొన్నది. టీవీ పెట్టె మనం గెలిచి తృప్తిపడితే చాలుననుకొన్నది. ఫోనులోని ఆట మనం ఎన్నటికీ లేవకూడదని కోరుకొంటున్నది. నలభై ఏళ్ళ మార్పును ఇంతకంటె క్లుప్తంగా నేను చెప్పలేను.

ఇక తరగతి గదిలోకి వస్తాను. 2019లో ఏడవ తరగతిలో ఒక బాలుడు ఉండేవాడు. ‘నేను చేసిన ప్రయాణం’ అని వ్యాసం వ్రాయమంటే నాలుగు పంక్తులకు మించి సాగేది కాదు. ఇతనికి తెలుగు ఎందుకు, మార్పించి వేస్తామని తండ్రి అప్పటికే రెండుసార్లు అడిగిపోయాడు. ఒకనాడు వెనుక బల్ల మీద వాడు స్నేహితునికి ముందురాత్రి ఆటను వర్ణిస్తూ దొరికాడు. నేను అందరి ఎదుట కఠినంగా మందలించాను. వాడు తల వంచుకొన్నాడు. తరువాత వారమంతా నా తరగతిలో వాడు నోరు విప్పలేదు.

ఆ మౌనమే నన్ను ఆలోచింపజేసినది. ఆ వర్ణనలో చోటు ఉన్నది, క్రమం ఉన్నది, భయం ఉన్నది, చమత్కారం ఉన్నది. వ్యాసంలో నేను కోరేవి అవే కదా! తప్పు నాదని గ్రహించి, వాడిని పిలిచి, “ఆ రాత్రి ఆటనే వ్రాయి. ఎక్కడ దిగావు, ఎవరు కాపాడారు, అన్నీ వ్రాయి” అన్నాను. “నిజంగానా సార్?” అన్నాడు. ఒకటిన్నర పుటలు వ్రాసి తెచ్చాడు. సగం మాటలు ఇంగ్లీషువే. తరగతి అంతా కలిసి వాటికి తెలుగు వెదికాము. ‘లూట్’కు దోపు వచ్చినది, ‘టీమ్‌మేట్’కు జట్టువాడు వచ్చాడు. ‘సేఫ్ జోన్’ దగ్గర ఆగిపోయాము. మరునాడు ఒక అమ్మాయి వాళ్ళ అవ్వను అడిగి వచ్చి, “గిరి సార్! గిరి లోపల ఉంటే బ్రతుకుతారు, బయట ఉంటే పోతారు” అన్నది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు అంతటి ఆనందం కలిగించిన మాటలు కొద్ది. ఆ బాలుడు పదవ తరగతి వరకు తెలుగులోనే కొనసాగాడు.

ఆంధ్ర, తెలంగాణలలో పిల్లవాడు ఆటలో తెలుగు వదిలినా వీధిలో, బస్సు పలక మీద, అంగడిలో అది మరల ఎదురవుతుంది. మనకు అట్లా కాదు. తమిళనాడులో 2006 శాసనంతో అన్ని పాఠశాలలలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయినది. రాష్ట్రభాష నేర్చుకోవడం మేలే, నేనూ నేర్చుకొన్నాను. కానీ తెలుగుకు మిగిలిన చోట్లు ఇల్లు, ఆట, ఒక పీరియడు. అందులో ఆట కూడా పోతే ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది? పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. ఆ మేకలు ఒకదానికొకటి ఆనుకొని నిలిస్తేనే పులిని కట్టగలవు. మన పరిస్థితీ అదే.

నిషేధమే మార్గమని నేను అనను. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టాన్ని హర్షిస్తాను. అయితే అదే చట్టం పందెం లేని ఆటలను ప్రోత్సహించాలని కూడా చెబుతున్నది. మనకు పక్కనే ఉన్న బెంగళూరులో ధ్రువ సంస్థ 1997లోనే ఆటల తయారీకి పూనుకొన్నది. పుణెలో తయారైన ‘రాజీ’ అనే ఆట 2020లో మన పురాణగాథలను ఆధారం చేసుకొని వచ్చినది. మన పిల్లలలో నైపుణ్యానికి కొదువ లేదు. తెర మీద తెలుగు అక్షరం కావాలని అడిగేవారే కొదువ.

తల్లిదండ్రులకు నా మనవి. ఆటకు ముగింపు లేకపోతే ఆ ముగింపును మీరు ఇవ్వండి, ముందుగానే చెప్పి ఇవ్వండి. ఫోను తీసుకొనేటప్పుడు “ఈ రోజు ఏమి జరిగినది?” అని అడిగి, ఐదు నిమిషాలు తెలుగులో వినండి. డబ్బు చెల్లించే సంకేతపదం పిల్లల చేతికి ఇవ్వకండి. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. ఏడాదికి ఒక వ్యాసమైనా పిల్లలకు నచ్చిన ఆట మీద వ్రాయించండి. వారు తెచ్చిన పరభాషా పదాలకు అవ్వలను, తాతలను అడిగి మాటలు తెమ్మనండి.

నేను ఆ బాలుని మందలించిన రోజును మరువలేను. ఆనాడు నేను అక్కడితో ఆగి ఉంటే, వాడు తెలుగును వదిలింది ఆట వల్ల అని ఈనాడు చెప్పుకొంటూ ఉండేవాడిని. నిజానికి కారణం నేను అయ్యేవాడిని.