పెద్దల బైబిలు తరగతికి వేళ కుదరాలి

క్రైస్తవ సంఘాలలో పిల్లలకు సండే స్కూలు ఉంది. వేసవి సెలవుల్లో వి.బి.యస్. తరగతులూ జరుగుతాయి. మరి వారి తల్లిదండ్రులకు? ఆదివారం ప్రసంగం వినడం వరకే. అర్థం కాని మాటను అడిగి తెలుసుకునే వీలు అక్కడ ఉండదు. పెద్దలకు బైబిలు తరగతి పెట్టినా, ఎవరూ రావడం లేదంటూ నాలుగు వారాలకే మూసివేయడం పరిపాటి. తప్పు రానివారిదా, పెట్టిన వేళదా అన్నది ఆలోచించవలసిన విషయం.

భూపాలపల్లి బొగ్గు గనుల్లో పని మూడు షిఫ్టులుగా సాగుతుంది. మహబూబాబాద్ ప్రాంతంలో మిరప కోతలు మొదలైతే కూలి తల్లులు పొద్దున్నే ఇల్లు వదిలి పొద్దుగూకాక చేరుతారు. జనగామ పల్లెల్లో పత్తి తీసే రోజులూ అంతే. వీరందరినీ ఒకే రోజు, ఒకే గంటకు చర్చికి రమ్మంటే ఎలా కుదురుతుంది?

ఈ చిక్కు కొత్తది కాదు. దీనికి దారి కూడా ఇక్కడే ఉంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వి.యస్. అజరయ్య 1912 నుండి 1945లో కన్నుమూసే వరకు డోర్నకల్‌లోనే సేవచేశారు. ఆయన సంఘాలలో అధికులు చదువురాని వ్యవసాయ కూలీలు. వారి కోసం ఊళ్ళలోనే ఉపదేశకులను నిలిపారు. పొలం పని ముగిశాక విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన నోటికి నేర్పేవారు. అక్షరం రాకపోవడం అడ్డు కాలేదు.

ఆ పద్ధతి నేడూ పనికివస్తుంది. ఒకే పాఠాన్ని వారంలో రెండు వేళల్లో చెప్పవచ్చు. రాత్రి డ్యూటీ వారికి ఒకటి, పగటి వారికి ఒకటి. స్త్రీలకు వాడలోనే, చంటిపిల్లలతో కూర్చునేలా జరపవచ్చు. ఒక వారం తప్పినా వెనుకబడకుండా ఏ పాఠానికాపాఠం ముగియాలి. చదవలేనివారికి సెల్‌ఫోనులో వాక్యం వినిపించవచ్చు. పాస్టరు ఒక్కరే ఇన్నిచోట్లకు వెళ్ళలేరు కనుక, సంఘంలోనే నలుగురికి తర్ఫీదు ఇవ్వాలి.

భక్తి ఉన్నవారు ఎప్పుడైనా వస్తారని కొందరు పెద్దలు అంటారు. నెల జీతం, ఆదివారం సెలవు ఉన్నవారికి ఆ మాట తేలికే. రోజు కూలి పోగొట్టుకుని రమ్మనడం న్యాయం కాదు. తరగతికి రాలేనివారు నేర్చుకోలేరు. నేర్చుకోనివారు సంఘ కమిటీలో నోరు విప్పలేరు. చివరకు సంఘం తీరిక ఉన్నవారిదే అవుతుంది. రాబోయే సంఘ సమావేశంలోనైనా, వేళ నిర్ణయించే ముందు కూలి తల్లిని, గని కార్మికుణ్ణి అడగడం సమంజసం.