మా సఫర్‌ను యాత్ర అనరేం?

మాదాపూర్ మురిసిపోతూ చెప్పుకునే కథ ఒకటుంది. కంపెనీ ఆన్‌సైట్‌కు పంపుతుంది. వెనకాలే కొత్త పెళ్లికూతురు వెళ్తుంది. సెలవు దొరగ్గానే ఇద్దరూ అద్దెకారు తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్ దాకా సముద్రం ఒడ్డున ఒకటో నెంబరు రోడ్డు పట్టుకుని పోతారు. దారిలో ఎక్కడ ఆగారు, ఏం తిన్నారు, మ్యాపు చూడడం రాక ఎవరు దారి తప్పించారు - తిరిగొచ్చాక అదంతా చెబుతారు, రాస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. మాకు కడుపుమంటేమీ లేదు. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్‌కు ప్రధాని వాజ్‌పేయి ప్రారంభోత్సవం చేసిన నాటి నుంచీ తెలుగు మధ్యతరగతికి విదేశమంటే ఈ దారే అయింది. కానీ ఇదొక్కటే తెలుగువాళ్ల విదేశయానం అన్నట్టు రాసుకుంటున్నారు చూడండి, అక్కడే మా పేచీ.

మాదాపూర్ నుంచి టోలిచౌకి పది కిలోమీటర్లలోపే. అక్కడ ఏ గల్లీలోకి పోయినా జిద్దాలోనో రియాద్‌లోనో దమ్మామ్‌లోనో బతికొచ్చిన మియాబీవీలు కనిపిస్తారు. ఐటీ అనే మాట మనకు తెలియకముందే, 1970ల నుంచే, వీళ్లు విమానాలెక్కారు. వీళ్లకూ కార్లున్నాయి. వీళ్లూ ఊరి నుంచి ఊరికి పోయారు. జిద్దా నుంచి మదీనాకు నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. పాత కరోలాలో వెనక సీటు మీద పిల్లలు, కాళ్ల దగ్గర చాయ్ ఫ్లాస్కు, డబ్బాలో ఖాగీనా, రోటీలు. రాత్రి బయల్దేరితే ఫజర్ నమాజుకు మదీనా. పగలు బయల్దేరితే దారి పొడవునా కాలిపోయినట్టుండే నల్లరాళ్ల బయళ్లు. ఎప్పటిదో లావా చల్లారి రాయైన నేల అది. దక్కన్ మనిషికి రాళ్లు కొత్తకాదు, ఈ నలుపు మాత్రం కొత్త. బద్ర్ చూడాలనుకునేవాళ్లు పాతదారిలో పోయేవాళ్లు. ఇంత చూసిన మనిషిని యాత్రికుడనడానికి ఇంకేం కావాలి?

కానీ అనరు. అతను డాలర్లు తెస్తే 'ప్రవాసి', రియాళ్లు తెస్తే 'వలస కూలి'. అతను మదీనా పోతే అది ప్రయాణం కాదు, మతం! ఈ లెక్క ఎవరు వేశారు? తెలుగులో యాత్రాచరిత్ర అనగానే మీరు మొదట పేరెత్తే ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి ఎక్కడికి బయల్దేరాడు? కాశీకి. మా హైదరాబాద్ మీదుగానే పోయాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకాన్ని మేమూ ఇష్టంగానే చదువుకున్నాం. దాన్నెవరూ మతగ్రంథాల అరలో పెట్టలేదు, పెట్టకూడదు కూడా. కాశీకి పోయినవాడి కళ్లకు ఊళ్లూ, సత్రాలూ, మనుషులూ కనిపిస్తారని ఒప్పుకున్నవాళ్లు, మదీనాకు పోయినవాడికి కళ్లే లేవని ఎట్లా అనుకున్నారు?

'వాళ్లు ఉర్దూవాళ్లు కదా' అంటారు. కడప, రాయచోటి నుంచి కువైట్ పోయిన షేకులు ఏ భాషలో ఉత్తరాలు రాశారో వాళ్ల ఇళ్లల్లో అడగండి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి పోయినవాళ్లనూ అడగండి.

ఇక దారి సంగతి. మాదాపూర్ జంట ఆర్టీవో ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకుంటే, ఎక్కువ చోట్ల మన లైసెన్సే చూపిస్తే, కారు తాళం చేతికొస్తుంది. మా మియాబీవీల దారి అట్లాంటిది కాదు. ఒకప్పుడు పని చేసే ఊరు దాటాలంటే ఇకామా ఒక్కటే చాలేది కాదు, కఫీల్ సంతకం చేసిన ఉత్తరం కూడా కావాలి. పాస్‌పోర్టు అతని బీరువాలో. చెక్‌పోస్టు దగ్గర బండి ఆగితే భర్త కాగితాల కోసం తడుముకుంటుంటే పక్క సీట్లో భార్య దరూద్ చదువుకుంటూ కూర్చునేది. 2018 జూన్ 24 దాకా ఆ రాజ్యంలో ఆడది స్టీరింగ్ ముట్టుకోకూడదు. తీరా ఆమెకు స్టీరింగ్ చేతికొచ్చే వేళకు ఏమైంది? 2017 జూలై నుంచి అక్కడి సర్కారు వెంట ఉన్న ఒక్కో కుటుంబసభ్యుడికి నెలకు 100 రియాళ్ల రుసుం వేసింది. ఏటా పెంచుకుంటూ 2020కి 400 చేసింది. భార్యా ముగ్గురు పిల్లలుంటే నెలకు 1,600 రియాళ్లు. అదీ ముందే కట్టాలి. మామూలు గుమాస్తా ఎక్కడి నుంచి తెస్తాడు? ఎంతోమంది బీవీ బచ్చాలను టోలిచౌకికి పంపేసి, ఒక్క గదిలో నలుగురు మగాళ్లతో మిగిలిపోయారు. ఆలుమగలు కలిసి కారులో పోవడానికి కూడా ధర కట్టిన చోటది. ఉమ్మా అని నెత్తిన పెట్టుకునే ముస్లిం రాజ్యమే మమ్మల్ని అట్లా చూసింది. ఆ మాట పైకి అనడానికి మా పెద్దలకు నోరు రాదు. మేం అంటున్నాం.

ఇప్పుడు మాదాపూర్ ఆఫీసుల్లో మా పిల్లలూ ఉన్నారు. వాళ్లూ అమెరికా పోతున్నారు, అదే ఒకటో నెంబరు రోడ్డు ఎక్కుతున్నారు. అయితే వాళ్లకు ప్రయాణం పేరు దగ్గర్నుంచే మొదలవుతుంది. బళ్లో పంతులుగారు పొదుపుగా రాసిన 'ఎస్.కె.', 'ఎం.డి.' పాస్‌పోర్టులో షేక్ అయ్యేసరికి, మహమ్మద్ అయ్యేసరికి సగం ఆయుష్షు అయిపోతుంది. (ఎం.డి. అని చూసి డాక్టరనుకునేవాళ్లూ ఉంటారు. అంతవరకే మా అదృష్టం.) 1982 నుంచి హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్‌ను నడిపి, తర్వాత రాష్ట్రపతి అయిన అబ్దుల్ కలామ్‌కే 2011లో న్యూయార్క్‌లో విమానంలో కూర్చున్నాక కోటూ బూట్లూ విప్పించి వెతికారు. షారుఖ్ ఖాన్‌ను 2009లో నేవార్క్‌లో కూర్చోబెట్టారు. పెద్దల గతే అదైతే, అర్ధరాత్రి హైవే పక్కన పోలీసు లైట్ల వెలుగులో లైసెన్సు అందించే మా పిల్లవాడి గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఏ యాత్రాకథనంలో ఉంది?

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో హైదరాబాద్ నుంచి పోయిన ఒక తెలుగు ఇంజనీరును బారులో కాల్చి చంపారు. చంపినవాడు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. ఆ బిడ్డ కోసం మేమూ ఏడ్చాం. కానీ ఆ రోజుల్లో మా చెవిన పడ్డ ఒక మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది: 'పొరపాటున చంపాడు'. పొరపాటా? నిజంగా ఇరానీయుడే అయ్యుంటే ఆ తూటా సరైనదయ్యేదా? బయట మాతృభాషలో మాట్లాడొద్దని తెలుగువాళ్లు ఒకరికొకరు జాగ్రత్తలు చెప్పుకున్నారు. భాష దాచుకోవచ్చు. పేరే గుర్తయినవాళ్లు ఏం దాచుకోవాలి?

మాలోపలి మాట కూడా చెప్పుకోవాలి. ప్రయాణంలో కళ్లు మూసుకోమని మమ్మల్ని బెదిరించినవాళ్లు బయటివాళ్లే కాదు. తాయిఫ్‌కు పోయి గులాబీ తోటలు చూస్తే దుబారా ఖర్చు, దారిలో ఆగి ఫోటో దిగితే గునాహ్. మదాయిన్ సాలిహ్ 2008లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మా మౌల్వీల దృష్టిలో అది ఆగకుండా దాటిపోవలసిన శాపగ్రస్త నేల. ఇక బీవీ? మదీనా తీసుకుపోయి తీసుకొస్తే చాలు, భర్త ధర్మం తీరిపోయినట్టే. ఇరవై ఏళ్లు పక్కసీట్లో కూర్చున్న ఆమె ఏం చూసిందని ఏ మియా అడిగాడు? దారి గుర్తులు ఆమెకే ఎక్కువ తెలుసు. అతను రోడ్డు చూస్తుంటే ఆమె కిటికీలోంచి చూసింది.

తెలుగులో యాత్రాకథనాల సంకలనాలు వేసే సంపాదకులారా, మాదాపూర్ దాకా ఎట్లాగూ వస్తున్నారు, ఇంకో పది కిలోమీటర్లు రండి. మాకు సానుభూతి పేజీ వద్దు, గల్ఫ్ గోస శీర్షికా వద్దు. టోలిచౌకిలో ఏ ఇంటి తలుపైనా తట్టి, మగాయన లేచి మాట్లాడబోతే కాసేపు ఆగమని, పరదా వెనకాల ఉన్న అమ్మను అడగండి: జిద్దా నుంచి మదీనాకు పోయే దారిలో మొదటిసారి ఎక్కడ ఆగారమ్మా?