ఈ కార్తీకంలో ఏ తోటకు?

దీపావళి వెళ్లిన మర్నాటి నుంచి మా గుంటూరులో ఫోన్లు మొదలవుతాయి. "వచ్చే ఆదివారం మనవాళ్ల వనభోజనాలండీ. ఇంటిల్లిపాదీ రావాలి." తోట ఎక్కడో చెబుతారు, బస్సు ఎన్నింటికో చెబుతారు. 'మనవాళ్లు' అంటే ఎవరో మాత్రం చెప్పరు. మనమూ అడగం. ఆ మాటలో ఏముందో ఊహ తెలిసినప్పటి నుంచీ ఎరిగినవాళ్లమే కదా.

ఆ మాట గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కార్తీకం దగ్గరపడింది కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మేము పదకొండుమందిమి. ఒక కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్లం. మొదట ముగ్గురం, తర్వాత ఒకరి వెంట ఒకరు చేరారు. ఐదున్నరకు గేటు తీస్తారు. నాలుగు చుట్లు నడిచాక మోకాళ్లు సహకరించేవాళ్లు షటిల్ ఆడతారు, మిగతావాళ్లు వేపచెట్టు అరుగు మీద చేరతారు. ఏడింటికి గేటు బయట బండి దగ్గర ఇడ్లీ, టీ. డబ్బులు వంతులవారీగా ఇచ్చుకుంటాం. అందరిలోకీ పెద్దాయన వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు, ఆయన మాకు మాస్టారు. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే అన్నయ్య వేణువు వాయిస్తారు. యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో ఆ ఘాటుకు దగ్గు పట్టుకుని వేణువు మూలన పడుతుంది. టైలరు ఒకరున్నారు, అందరికీ ఆయన భాయ్. పాత నాణేలు కూడబెడతారు. లేతు మిషను వర్కుషాపు నడిపే తమ్ముడు, నర్సుగా పనిచేసే అక్క, ఆమె భర్త, బ్యాంకు ఉద్యోగి ఒకరు, ఇలా.

నెలకో ఆదివారం ఎటో ఒకవైపు వెళ్తాం. ఉప్పలపాడు చెరువులో గూడబాతులను చూడటానికో, సూర్యలంక సముద్రానికో, ఉండవల్లి గుహలకో. మాస్టారు దారిలో కనబడ్డ ప్రతి చెట్టు దగ్గరా ఆగుతారు కాబట్టి అరగంటలో నడిచే దారికి గంటన్నర పడుతుంది. దానికి ఎవరం విసుక్కోం. ఆకు నలిపి వాసన చూపించి, పూవు విప్పి లోపల చూపించి, "ఇప్పుడు చెప్పండి, దీని చుట్టం ఎవరు?" అని అడుగుతారు. చెప్పలేకపోతే ఆయనకే సంతోషం, మళ్లీ మొదటి నుంచి చెప్పవచ్చు కనుక.

ఇట్లా ఏడాది పొడుగునా కలిసి తిరిగినవాళ్లం నాలుగేళ్ల కిందట ఒక కార్తీక ఆదివారం ఐదు తోటలకు చీలిపోయాం.

సోమవారం గ్రౌండుకు వచ్చాక గాని ఈ సంగతి తెలియలేదు. "నిన్న మీరు ఎటు వెళ్లారు?" అని ఒకరినొకరం అడిగితే ఐదు తోటల పేర్లు బయటపడ్డాయి. ఐదు చోట్లా అదే పులిహోర, అదే కుర్చీలాట, అదే హౌసీ, మైకులో అవే ఉపన్యాసాలు. నేనూ ఒక తోటకు వెళ్లినవాణ్ణే. భాయ్ మాత్రం ఇంట్లోనే ఉన్నారు. ఆయన్ను పిలిచే సంఘమేదీ లేదు. "పెళ్లిళ్ల సీజను కదండీ, మిషను మీద పని ఉండింది" అన్నారు. మామూలుగానే అన్నారు. నాకు ఆ పూట టీ సయించలేదు.

బ్యాంకు ఉద్యోగి ఇంకో సంగతి చెప్పారు. ఆయన కొడుక్కి అప్పుడు ఎనిమిదేళ్లు. బడిలో తన పక్కన కూర్చునే స్నేహితుణ్ణి కూడా తోటకు తీసుకెళ్దామని అడిగాడట. "వాళ్లు వేరేరా, వాళ్లకు వేరేగా ఉంటాయి" అన్నారట తండ్రి. "వేరే అంటే ఏంటి నాన్నా?" అన్నాడట పిల్లాడు. జవాబు చెప్పలేకపోయానని ఆయనే మాతో చెప్పుకున్నారు. జవాబు రాకపోయినా ఆ పిల్లాడికి అర్థమయ్యే ఉంటుంది. సాయంత్రం దాకా మామిడితోటలో ఉన్నాడు, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూశాడు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన ఇద్దరిని మనం తోటకు తీసుకెళ్లి విడదీస్తున్నాం.

కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. పక్కింటివాణ్ణి, పక్క బల్ల మీద పనిచేసేవాణ్ణి, రోజూ కలిసి నడిచేవాణ్ణి వదిలేసి కులంతో కలిసి తినే భోజనాన్ని వనభోజనం అనకూడదు. అది కుల సమావేశం. జరుపుకోదలిస్తే ఆ పేరుతోనే ఏ కల్యాణ మండపంలోనో జరుపుకోవచ్చు. వనభోజనానికి నీడనిచ్చే ఉసిరిచెట్టును అందులోకి లాగవద్దు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. "పేదపిల్లల చదువుకు సాయం చేస్తున్నాం, సంబంధాలు కలుస్తున్నాయి, ఏడాదికి ఒక్కరోజు బంధువులను చూస్తున్నాం" అంటారు. చదువుకు సాయం మంచిదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కులాలవారీగా పెట్టిన హాస్టళ్లలో ఉండి చదువుకున్న పల్లెటూరి పిల్లలు వేలమంది, వాళ్లకు అప్పుడు ఇంకో దారి లేదు. అణగదొక్కిన కులాలవాళ్లు హక్కు కోసం సంఘంగా కూడటం వేరు, దాన్ని నేను ప్రశ్నించను. నేను అడిగేది ఇది: ఆ సాయం సమావేశం పెట్టుకుని చేయలేమా? అన్నం ముద్ద చేతిలో ఉన్నప్పుడే, పిల్లలు ఆడుకుంటున్నప్పుడే, మనం ఎవరమో ఎవరం కామో గుర్తు చేసుకోవాలా? ఎన్నికలు దగ్గరున్న ఏడు ఈ తోటలకు వచ్చే నాయకుల కార్లను చూస్తే ఆ కులాల లెక్క ఎవరికి కావాలో తెలుస్తుంది.

ఒకప్పుడు అందరూ కలిసి తిన్నారని, ఇప్పుడే చెడిపోయిందని నేను అనను. అది అబద్ధం. మా పల్లెలో నా చిన్నతనాన ఒక వీధివాళ్లే తోటకు వెళ్లేవాళ్లు. ఇంకో వీధివాళ్లు కట్టెలు మోసేవాళ్లు, గుండిగలు తోమేవాళ్లు, అందరి తిళ్లూ అయ్యాక మిగిలింది గిన్నెల్లో పెట్టించుకుని దూరంగా కూర్చుని తినేవాళ్లు. నేను చూశాను. నా ఈడువాడు ఒకడు అట్లా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. వాడితో పొద్దుటంతా గోళీలాడాను.

కానీ కలిసి తినాలన్న ఆలోచన కూడా ఈ నేల మీదే పుట్టింది. పన్నెండో శతాబ్దంలో మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని పల్నాటి వీరుల కథ చెబుతుంది. దాన్నే చాపకూడు అన్నారు. మాల కులస్థుడైన కన్నమదాసును ఆయన కొడుకుగా చూసుకున్నాడని, సేనను అతని చేతికి అప్పగించాడని అదే కథ చెబుతుంది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ఏటా కార్తీక అమావాస్యకు వీరుల తిరునాళ్లు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోటు, కోడిపోరు, కల్లిపాడు, ఐదు రోజులు. మూడోరోజు మందపోటు నాడు ఇప్పటికీ చాపకూడు ఉంటుంది. గుంటూరు నుంచి బస్సెక్కితే పూటలోపు చేరే ఊరు. కార్తీకంలో కులానికో తోట వెతుక్కునే మనకు, ఆ కార్తీకం వెళ్తూ వెళ్తూ ఈ చాప పరుస్తోంది.

ఇంకోటి ఇంకా దగ్గరిది. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, అక్కడ పౌర్ణమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు జరిపించేవారు. గాంధీతో తన పరిచయం గురించి రాసిన పుస్తకంలో ఆయనే ఈ సంగతి చెప్పారు. వచ్చినవాళ్లు తిండి ఖర్చుకు తలా ఒక అణా ఇచ్చుకునేవాళ్లు. నాకు ఈ అణా బాగా నచ్చింది. చాపకూడులో అన్నం పెట్టే చెయ్యి ఒకటి ఉంది, అది మంత్రి చెయ్యి. ముదునూరు వెన్నెల్లో అట్లాంటి చెయ్యి లేదు. ఎవరి అణా వాళ్లు ఇచ్చుకుని పక్కపక్కన కూర్చున్నారు. నేను దేవుణ్ణి నమ్ముతాను, కార్తీక సోమవారం ఉపవాసం ఉంటాను. అయినా స్నేహితులు కలిసి తినే తిండికి ఆ నాస్తికుడి అణాకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

మేము ఐదు తోటలకు చీలిపోయిన తర్వాతి ఏడు అందరం కొండవీడు వెళ్లాం. చెప్పింది మాస్టారే. "ఒక్క తోటనూ అద్దెకు తీసుకోవద్దు. కొండ మీద ఉసిరి ఉంది, నేను చూపిస్తాను" అన్నారు. రెడ్డిరాజుల రాజధాని, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గం. ఇప్పుడు పై దాకా ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి ముసలివాళ్లూ చంటిపిల్లలూ రాగలరు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని కొండ మీద మూడు చెరువులు. వానలు బాగా పడిన ఏడు నీళ్లు చూసి పిల్లలు కదలరు.

బయలుదేరే ముందు అరుగు మీద వాదన అయింది. కార్తీకం కదా, నీచు వద్దన్నారు కొందరు. "అంటే కొందరి నియమం అందరూ పాటించాలా?" అని లేతు తమ్ముడు అడిగాడు. అడగాల్సిన మాటే. అరగంట నడిచింది. చివరికి భాయే తేల్చారు: "ఈసారి కూరగాయలతో కానిద్దాం, సంక్రాంతి వెళ్లాక సూర్యలంకలో నాటుకోడి నేను వండుతా." రెండూ జరిగాయి. కేటరింగుకు ఇవ్వకూడదు, ఇంటికో వంటకం, అడవిలో పొయ్యి వెలిగించకూడదు కనుక ఇళ్లలో వండి తేవడం, వ్యానుకూ నీళ్లకూ మనిషికి నూట యాభై రూపాయలు. ఇవీ మేం పెట్టుకున్న నియమాలు. మా ఇంటి నుంచి పులిహోర వెళ్లింది. అక్క కందా బచ్చలి చేసింది. గుమాస్తా అన్నయ్య వాళ్లు పండుమిరప పచ్చడి తెచ్చారు, వేరే ఏం తెస్తారు! లేతు తమ్ముడి ఇంటి నుంచి దప్పళం. భాయ్ ఇంటి నుంచి డేగిసా నిండా సేమ్యా ఖీర్. గిన్నెలన్నీ ఒకే వరసలో పెట్టాం. పట్నంబజారులో అడ్డాకుల విస్తళ్లు దొరికాయి, వాటిలో తిన్నాం. తిన్నాక వాటిని ఏరి సంచిలో వేసుకుంటే మట్టిలో కలిసిపోయే చెత్తే. మా చెత్త ఒక బస్తా అయింది. అంతకుముందు వచ్చినవాళ్లు వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల సీసాలు ఇంకో బస్తా. అదీ తెచ్చాం. వనభోజనం పేరుతో వనాన్ని ఇట్లా చేయడం గురించి వేరే రాయాలి.

మాస్టారు అన్నట్టే ఉసిరిచెట్టు చూపించారు. దాని కింద అందరికీ చోటు చాలలేదు. దీపం అక్కడ పెట్టి, జంపఖానాలు పక్కనే ఒక పెద్ద చెట్టు నీడకు జరిపాం. సీతాఫలం, వెలగ, తంగేడు, పిల్లల చేత ఆకులు ఏరించి పేర్లు చెప్పించారు. గెలిచినవాళ్లకు భాయ్ తలా ఒక పాత కానీ ఇచ్చారు. మధ్యాహ్నం చెరువుగట్టు మీద గుమాస్తా అన్నయ్య వేణువు తీశారు. బ్యాంకు ఉద్యోగి కొడుకు బెంచీ స్నేహితుడు వాళ్ల అమ్మానాన్నలతో వచ్చాడు. ఆ పిల్లలిద్దరూ మూడింటి దాకా కనబడలేదు, బురుజుల్లో దాగుడుమూతలు.

మాస్టారి అమ్మగారికి ఎనభై దాటాయి. ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్న దద్దోజనం తప్ప ఏదీ తినలేదు. మేము బలవంతం చేయలేదు. అందరితో పాటు అదే జంపఖానా మీద కూర్చున్నారు. సేమ్యా ఎన్ని పాలు పోసి చేసిందీ భాయ్ భార్యను అడిగి తెలుసుకున్నారు. తర్వాతి ఏడూ వచ్చారు, అప్పుడూ తినలేదు. ఆవిడ రావడమే గొప్ప అంటారు మావాళ్లు. నాకు అది చాలదు. ఆవిడ తినే రోజు కోసం చూస్తున్నాను, ఆ మాట ఆవిడతోనే చెప్పాను కూడా.

మా పదకొండుమందిలో ఒకరు రావడం లేదు. వాళ్ల సంఘంలో ఆయనకు పదవి ఉంది, ఆ ఆదివారం అక్కడ ఉండక తప్పదంటారు. ఏటా పిలుస్తున్నాం, ఈసారీ పిలిచాం.

ఈ రెండు మూడు వారాల్లో మీకూ ఫోను వస్తుంది. వచ్చినప్పుడు ఒక్కటి అడగండి: "మా స్నేహితుణ్ణి, వాళ్ల కుటుంబాన్ని వెంట తీసుకురావచ్చా?" అని. తీసుకురమ్మంటే తీసుకెళ్లండి. అవతల మాట తడబడితే ఆ ఆదివారం స్నేహితుడి ఇంటికే వెళ్లి, రెండు కుటుంబాలూ గిన్నెలు కట్టుకుని దగ్గర్లో ఏ చెట్టు ఉంటే ఆ చెట్టు కిందికి బయలుదేరండి.

మేము కార్తీకం రెండో ఆదివారం కొండవీడు వెళ్తున్నాం. మొదటి ఏడు పది ఇళ్లవాళ్లం, ఇప్పుడు పద్ధెనిమిది. వ్యాను కాలేజీ గేటు దగ్గర పొద్దున ఆరున్నరకు బయలుదేరుతుంది.