రంగుపట్టీకి అందని శ్రమ

వికీపీడియా వ్యాసంలో ఎవరి రాత ఎంతో బొమ్మగా చూపేందుకు 2003లో ఐబీఎంలో ఫెర్నాండా వియేగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్ 'హిస్టరీ ఫ్లో'ను రూపొందించారు. ఒక్కో రచయితకు ఒక్కో రంగు. నిలిచిన వాక్యాలు పట్టీలా ముందుకు సాగుతాయి. చెరిపేస్తే పట్టీ తెగిపోతుంది. 'చాకొలెట్' వ్యాసంలో పంతాలకు పోయి ఒకే పేరాను పెడుతూ తీస్తూ ఉంటే, బొమ్మలో రంపపు పళ్ళు తేలాయి!

తగవును ఇంత తేటగా చూపడం ముచ్చటే. కానీ నాదొక ఆక్షేపణ. ఒక తేదీ కోసం పూటంతా పుస్తకాలు తిరగేసినవారు సరిదిద్దేది ఒక్క వాక్యం; బొమ్మలో అదొక సన్నని గీత. అంతా చదివి, సరిగానే ఉందని నిర్ధారించుకొని, ఏమీ మార్చకుండా వెళ్ళినవారికి అసలు రంగే లేదు.

పట్టీ వెడల్పు రాతకు కొలత, శ్రమకు కాదు. బొమ్మను చూసి ఆనందిద్దాం. దానితో మనుషులను మాత్రం తూచవద్దు.