ఇంటి వీడియోలూ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లూ, మా అమ్మమ్మ గొంతూ

"ఇంట్లో తీసిన వీడియోలు ఎడిట్ చెయ్యాలి మామా, మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పు" అని నెలకి ఒక్కరైనా అడుగుతారు నన్ను. సాఫ్ట్‌వేర్ ఇంజనీరైతే చాలు, ప్రింటరు దగ్గర్నుంచి ఇన్వర్టరు దాకా అన్నీ మనకే తెలుసని జనాల నమ్మకం కదా :-) మొన్నటిదాకా నేనూ ఠక్కున ఓ పేరు చెప్పి ఊరుకునేవాణ్ణి. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాక అలా చెప్పడం మానేశాను. ఎందుకో చెప్తా.

మాది సత్తుపల్లి. ఖమ్మం నుంచి రాజమండ్రి వెళ్ళే దారిలో వస్తుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్న ఊరు. ఇంకాస్త ముందుకెళ్ళి అశ్వారావుపేట దాటితే ఆంధ్రా. మా పిన్ని పెళ్ళి 2004లో అక్కడే జరిగింది. నేనప్పుడు రెండో క్లాసు. పెళ్ళి వీడియో మూడు వీసీడీల్లో ఇచ్చారు. ఆ సీడీలు ఇన్నేళ్ళూ బీరువాలో పట్టుచీరల కింద పడున్నాయి. "గీతలు పడిపోతున్నాయిరా, ఏదో ఒకటి చెయ్యి" అని అమ్మ పోరుతుంటే ఈసారి ఓ యూఎస్‌బీ డ్రైవ్ పట్టుకెళ్ళి కాపీ చేశాను. రెండు సీడీలు బాగానే వచ్చాయి. మూడోది నాలుగు సార్లు మొరాయించి, చివరికి ఎలాగో వచ్చింది.

వీసీడీ అంటే ఎంపెగ్-1. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో 352 × 288 పిక్సెళ్ళు. ఇవ్వాళ ఫోన్‌లో థంబ్‌నెయిల్ అంత బొమ్మన్నమాట. అది నేను ఊహించిందే. ఊహించనిది వేరే ఉంది.

అప్పగింతల దగ్గర మా అమ్మమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని ఏదో చెప్తోంది. రెండు నిమిషాల పాటు చెప్తూనే ఉంది. పిన్ని ఏడుస్తోంది, పక్కనే అమ్మ ఏడుస్తోంది. వెనకాల మాత్రం సినిమా పాట! అమ్మమ్మ చెప్పిన ఒక్క మాట కూడా లేదు. అప్పట్లో మా వైపు ఎడిటింగ్ అనేవాళ్ళు కాదు, 'మిక్సింగ్' అనేవాళ్ళు. గుండె ఆకారంలో పెళ్ళికూతురి మొహం, పైనుంచి రాలే గులాబీలు, మొదటి నుంచి చివరిదాకా పాటలు. పాట పెట్టడమంటే అసలు శబ్దం తీసెయ్యడమే. అమ్మమ్మ 2011లో పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా రికార్డవ్వలేదు.

మిక్సింగ్ చేసినాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. పాపం మంచాయన, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "అసలు క్యాసెట్లు ఎక్కడుంటాయి బాబూ, వాటి మీదే తర్వాత పెళ్ళిళ్ళు తీశాం" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. మినీ డీవీ వీడియో గంటకి దాదాపు 13 జీబీ. నాలుగు గంటల పెళ్ళికి 50 జీబీ పైమాటే. ఆ రోజుల్లో మొత్తం హార్డ్ డిస్కే 40, 80 జీబీ ఉండేది. దాచుకునే చోటు ఆయనకి లేదు.

మరి మనకో? చోటుంది, డబ్బుంది, పైగా ఇంజనీరింగ్ డిగ్రీ కూడా ఉంది. అయినా మనం చేస్తున్నది అదే! నా సంగతే చెప్తా. పోయినేడాది మా అక్క కొడుకు అన్నప్రాశన భద్రాచలంలో చేశారు. నేనే ఎడిట్ చేశాను. ట్రాన్సిషన్లు, టైటిళ్ళు, వెనకాల మాంచి ఫ్లూట్ మ్యూజిక్... ఇంట్లో వాళ్ళందరికీ పంపాను. చూసి అమ్మ అన్నది ఒక్కటే మాట. "బాగుంది నాన్నా. ఆ పాట తీసెయ్, పిల్లోడి నవ్వు వినపడట్లా." అప్పుడు నవ్వుకున్నాను. సంక్రాంతికి ఆ సీడీ చూశాక నవ్వు రాలేదు.

అందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే, సాఫ్ట్‌వేర్ పేరు చెప్పేముందు నేను మూడు ప్రశ్నలు అడుగుతున్నాను.

ఒకటి: ఆ సాఫ్ట్‌వేర్ పోయాక మీకేం మిగుల్తుంది? విండోస్ మూవీ మేకర్ గుర్తుందా? 2000లో విండోస్ ఎంఈతో పాటు వచ్చింది. మనలో చాలామంది కాలేజీ ఫేర్‌వెల్ వీడియోలు దాన్లోనే అతికించాం. 2017 జనవరి 10న మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. 2021లో క్లిప్‌చాంప్‌ని కొని ఇప్పుడు దాన్ని ముందుకు తోస్తోంది. ఫోన్‌లో వివావీడియో వాడినవాళ్ళకి 2020 జూన్ 29న ఇంకో పాఠం. ఆ రోజు ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తో పాటు అదీ ఉంది. ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియో ఉండదండీ, ఫలానా క్లిప్ ఫలానా ఫోల్డర్లో ఉందన్న చిరునామాలుంటాయంతే. సాఫ్ట్‌వేర్ పోతే ఆ చిరునామాలు చదివేవాడు ఉండడు. కాబట్టి కెమెరా ఇచ్చిన అసలు ఫైళ్ళు విడిగా రెండు చోట్ల ఉండాలి. ఎడిట్ చేసినదాన్ని మామూలు ఎంపీ4గా తీసి పెట్టుకోవాలి. ఇది చెయ్యకుండా ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా దండగే.

రెండు: మీ దగ్గరున్న కంప్యూటర్ దాన్ని మొయ్యగలదా? డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ అద్భుతమే, కాదన్ను. కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు, బోలెడంత ర్యామ్ కావాలి. మనలో సగం మంది దగ్గరున్నది ఆఫీసు లాప్‌టాపే, దాన్లో ఏదైనా ఇన్‌స్టాల్ చెయ్యాలంటే అడ్మిన్ రైట్స్ ఉండవు. సొంత పాత లాప్‌టాప్ ఉంటే నా ఓటు కేడెన్‌లైవ్‌కో షాట్‌కట్‌కో. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ ఉండదు. ప్రాక్సీ క్లిప్స్ పెట్టుకుంటే పాత మెషీన్ కూడా నడుస్తుంది. పైగా వీటి ప్రాజెక్ట్ ఫైల్ మామూలు ఎక్స్‌ఎంఎల్. రేపు ఏమైనా అయితే నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏ క్లిప్ ఎక్కడ కోశామో చదువుకోవచ్చు. యాపిల్ వాళ్ళకి ఐమూవీ ఉండనే ఉంది.

మూడు: అసలు మీకు ఎడిటింగ్ కావాలా, కోత కావాలా? ఇంటి వీడియోల్లో నూటికి తొంభై సార్లు కావాల్సింది ముందూ వెనకా అనవసరమైనది కొయ్యడమే. దానికి లాస్‌లెస్‌కట్ చాలు. లోపల ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడుతుంది, వీడియోని మళ్ళీ కంప్రెస్ చెయ్యకుండా ఉన్నదున్నట్టు కోస్తుంది. కోత కీఫ్రేమ్ దగ్గర పడుతుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు, గంట వీడియో నిమిషాల్లో అయిపోతుంది.

"ఇంత గొడవెందుకు బాస్, ఫోన్‌లో రెండు నిమిషాల్లో అయిపోతుంది, పాట కూడా అదే పెడుతుంది" అంటాడు మా రూమ్మేట్. నిజమే. స్టేటస్‌కి పెట్టుకోడానికి అది చాలు, నేనూ అదే చేస్తా. నా గొడవల్లా ఆ స్టేటస్ వీడియోనే ఇంట్లో మిగిలే ఏకైక కాపీ అవ్వడం గురించి. ఫోన్ నిండిపోయిందని అసలుది డిలీట్ చేస్తాం. వాట్సాప్‌లో వచ్చిన నలిగిపోయిన కాపీని 'మెమరీస్' అనుకుంటాం. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు కంప్రెస్ అవ్వదు. పాట పెట్టాలనిపిస్తే పెట్టండి, కానీ వేరే ట్రాక్‌లో పెట్టి సౌండ్ తగ్గించండి. అసలు శబ్దాన్ని మ్యూట్ చెయ్యొద్దు. పిన్ని పెళ్ళి మిక్సింగ్‌కీ మన రీల్స్‌కీ తేడా గులాబీలు రాలకపోవడమొక్కటే.

అన్నట్టు చెప్పడం మర్చిపోయా. మూడో సీడీలో ఓ చోట ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపు నాలుగు సెకన్ల ఖాళీ వచ్చింది. మిక్సింగాయన చూసుకోలేదనుకుంటా. ఆ నాలుగు సెకన్లలో సన్నాయి, ఎవరో పిల్లాడి ఏడుపు, వాటి మధ్య "చిట్టీ, ఇటు చూడమ్మా" అని అమ్మమ్మ గొంతు. దాన్ని కోసి అమ్మకీ పిన్నికీ పంపాను. పిన్ని ఆ రోజంతా ఫోన్ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న తనే చేసి, "ఇంకేమైనా ఉందేమో చూడరా" అంది.

ఇంకేం లేదు. మూడు సీడీలూ రెండుసార్లు విన్నాను.

మీ ఇంట్లో కూడా బీరువాలో సీడీలుంటే ఈసారి వెళ్ళినప్పుడు కాపీ చేసుకోండి. ఏ సాఫ్ట్‌వేర్ అనేది తర్వాత చూసుకోవచ్చు.