పొగడ్త వద్దు, గోడ కట్టండి



పారిస్ ఒలింపిక్స్ స్పీడ్ క్లైంబింగ్ వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. గోడ ఎత్తు 15 మీటర్లు, అంటే దాదాపు ఐదంతస్తులు. 2024 ఆగస్టు 8న ఇండోనేషియా కుర్రాడు వెడ్రిక్ లియోనార్డో దాన్ని 4.75 సెకన్లలో ఎక్కి గోల్డ్ కొట్టాడు. చైనా ఆటగాడు వూ పెంగ్ 4.77తో రెండో స్థానంలో ఆగిపోయాడు. తేడా 0.02 సెకన్లు!

ఇలాంటివి చూసినప్పుడల్లా ఎవరో ఒకరు మనతో ఒక మాట అంటారు: "మీ ఆదివాసీ పిల్లలైతే ఇంకా ఈజీగా ఎక్కేస్తారు. మీకు పుట్టుకతోనే వచ్చు కదా!"

వినడానికి పొగడ్తే. కానీ నాకు ఇది ప్రమాదకరమైన మాట అనిపిస్తుంది. పుట్టుకతో వచ్చేదైతే ఇక నేర్పాల్సిన పనేముంది? కోచ్ అక్కర్లేదు, గోడ అక్కర్లేదు, బడ్జెట్ అసలే అక్కర్లేదు. చెట్టెక్కి తేనె తీస్తే అది కూలి పని, గోడెక్కి గంట కొడితే అది క్రీడ. ఈ రెండింటి మధ్య ఉన్నది రక్తం కాదు, ఏళ్ల తరబడి శిక్షణ.

ఆటలో నియమాలు ఎంత పని చేస్తాయో చూడండి. క్లైంబింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది టోక్యోలో. అక్కడ స్పీడ్, బౌల్డర్, లీడ్ మూడూ కలిపి ఒకటే మెడల్. మూడు ర్యాంకులనూ గుణించేవారు, తక్కువ వచ్చినవాళ్లే విజేత. పోలండ్ అమ్మాయి అలెగ్జాండ్రా మిరోస్లావ్ ఫైనల్లో 6.84 సెకన్లతో స్పీడ్ ప్రపంచ రికార్డు కొట్టింది. మిగతా రెండింట్లో 8వ స్థానం. 1×8×8 = 64. చివరికి నాలుగో స్థానం, మెడల్ లేదు. పారిస్‌కి వచ్చేసరికి స్పీడ్‌ని విడిగా పెట్టారు. అదే అమ్మాయి గోల్డ్ గెలిచింది. అంటే, ప్రతిభ ఎంతున్నా దాన్ని కొలిచే పద్ధతి సరిగ్గా లేకపోతే లెక్కలోకే రాదు. ఈ బాధ మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మరి ఇండోనేషియా ఎలా గెలిచింది? అప్పటిదాకా ఆ దేశానికి వచ్చిన ఒలింపిక్ గోల్డ్‌లన్నీ బ్యాడ్మింటన్‌లోనే. బౌల్డర్, లీడ్ పోటీల్లో ప్రతిసారీ కొత్త దారి కడతారు. వాటికి ప్రాక్టీస్ చేయాలంటే రకరకాల గోడలు, తరచూ మార్చే పట్లు కావాలి, ఖర్చెక్కువ. స్పీడ్ గోడ అలా కాదు. ప్రపంచమంతా ఒకే కొలత, ఒకే దారి. ఒలింపిక్స్‌లో ఉన్న అదే దారిని ఏ జిల్లాలోనైనా కట్టుకోవచ్చు, రోజూ దాని మీదే సాధన చేయొచ్చు. ఇండోనేషియా స్పీడ్‌నే గట్టిగా పట్టుకుంది. 2018 ఆసియా క్రీడల్లో క్లైంబింగ్ మొదటిసారి పెట్టినప్పుడు ఆ దేశపు ఏరీస్ సుశాంతి రహాయు మహిళల స్పీడ్ గోల్డ్ గెలిచింది. 2023లో సియోల్‌లో 5 సెకన్ల లోపు ఎక్కిన మొదటి మనిషి వెడ్రిక్. ఆ తర్వాతే పారిస్.

అదే పారిస్‌కి మన దేశం 117 మందిని పంపింది. క్లైంబింగ్‌లో ఒక్కరూ లేరు.

మన దగ్గర ఉదాహరణ లేదా అంటే, ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ రోజు ఆమెతో పాటు ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. పర్వతారోహణ వేరు, గోడ ఎక్కడం వేరు, నిజమే. కానీ వాళ్లు కూడా "పుట్టుకతో" ఎక్కలేదు. గురుకులంలో ఎంపిక చేశారు, భువనగిరి గుట్ట మీద తాడు కట్టి నేర్పారు, డార్జిలింగ్ పంపి మంచులో నడిపించారు. అవకాశం ఇచ్చారు కాబట్టి ఎక్కారు.

"బడిలో టీచరే లేడు, ఊరికి రోడ్డు లేదు, ఇప్పుడు గోడ కావాలా?" అని మనోళ్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ రోడ్డు అడిగేవాళ్లు ఆట అడగకూడదని ఎక్కడుంది? పట్నం పిల్లలకు ఒకదాని తర్వాత ఒకటి అని ఎవరూ చెప్పరు. వాళ్లకు బడీ కావాలి, గ్రౌండూ కావాలి. మనకూ అంతే.

2028 లాస్ ఏంజెలెస్‌లో బౌల్డర్, లీడ్, స్పీడ్ మూడింటికీ వేర్వేరు మెడల్స్. అందుకే మన డిమాండ్ సూటిగా ఉండాలి. ఏజెన్సీలోని గిరిజన క్రీడా పాఠశాలల్లో ఒక్కదానిలోనైనా కొలత ప్రకారం స్పీడ్ గోడ కట్టాలి. శిక్షణ పొందిన కోచ్‌ని పర్మనెంట్‌గా వేయాలి. తాళ్లు, హార్నెస్‌లు ఎప్పటికప్పుడు పరీక్షించాలి. పిల్లలకు ఇన్సూరెన్స్ ఉండాలి. గోడ బడి ఆవరణలోనే ఉండాలి. దాని పేరు చెప్పి మన గుట్టలను అడ్వెంచర్ టూరిజం కంపెనీల చేతిలో పెడతామంటే ఒప్పుకోం.

ఈసారి ఎవరైనా "మీ పిల్లలు భలే ఎక్కుతారు" అంటే నవ్వి ఊరుకోకండి. "గోడ ఎప్పుడు కడతారు?" అని అడగండి.